ఫాంటమ్‌కి ప్రాణం పోయడం ఆపెయ్ తమ్ముడూ

ప్రశ్న: అన్నా, నమస్తే. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాను, రెండేళ్లయింది. హోల్‌సేల్ కిరాణా షాపులకి బిల్లింగ్ వెబ్‌సైట్ మాది. రోజూ రాత్రి 2 గంటలకి ఒక స్క్రిప్ట్ నడుస్తుంది. మా 140 మంది కస్టమర్ల ఖాతాల్లోకి లాగిన్ అయి, పేజీలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూసి, ఆ రోజు బిల్లుల్ని తెలుగులో పీడీఎఫ్ చేసి పెడుతుంది. 2016లో ఒక సీనియర్ రాశాడట: పైథాన్ 2.7, బ్రౌజర్‌ని ప్రోగ్రామ్‌తో నడిపే సెలీనియం, తెర మీద కనపడకుండా పేజీలు తెరిచే ఫాంటమ్‌జేఎస్ బ్రౌజర్. ఆయన ఎప్పుడో వెళ్లిపోయాడు. పోయిన నెల సర్వర్‌ని ఉబుంటు 22.04కి మార్చారు. అదే వారం వెబ్‌సైట్ కొత్త వెర్షన్ కూడా వెళ్లింది. మొదట ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) ఎర్రర్ వచ్చింది, నెట్‌లో దొరికిన చిట్కాతో పోయింది. ఇప్పుడు స్క్రిప్ట్ "పాస్" అంటోంది కానీ పీడీఎఫ్‌లు తెల్లకాగితాల్లా వస్తున్నాయి. మేనేజర్ "ఎలాగోలా ఫాంటమ్‌నే నడిపించు, వారం టైం" అంటున్నాడు. దాని బదులు ఒక ఫ్రెండ్ పప్పెటీర్ అనే టూల్ అంటాడు, ఇంకొకడు ప్లేరైట్ అంటాడు, సెలీనియం పని అయిపోయిందని కూడా అంటున్నారు. నేను అమీర్‌పేటలో డబ్బు కట్టి నేర్చుకున్నది సెలీనియమే. ఇంకో సంగతి. ఇదే స్క్రిప్ట్ ఒక సప్లయర్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి రేట్లు కూడా తెస్తుంది. క్రోమ్‌తో ట్రై చేస్తే అక్కడ "రోబో కాదని నిరూపించుకోండి" అని వస్తోంది. దాన్ని తప్పించుకునే దారి ఉందా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదన్నా. (పేరు వద్దు, హైదరాబాద్)

జవాబు:

తమ్ముడూ, తెల్ల పీడీఎఫ్ కంటే ముందు ఆ "పాస్" సంగతి చూడాలి. స్క్రిప్ట్ తెరిచి, పేజీ సరిగ్గా వచ్చిందని అది ఎలా తేల్చుకుంటోందో వెతుకు. నా అంచనా, పేజీ టైటిల్‌లో కంపెనీ పేరు ఉందో లేదో చూసి ఊరుకుంటోంది. టైటిల్ సర్వర్ పంపే హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంటుంది, దానికి జావాస్క్రిప్ట్‌తో పనిలేదు. బిల్లు మాత్రం జావాస్క్రిప్ట్ నడిస్తేనే తెర మీదకి వస్తుంది. ఫాంటమ్‌జేఎస్ చివరి వెర్షన్ 2.1.1 వచ్చింది 2016 జనవరిలో. దాని లోపల పేజీని తయారుచేసే వెబ్‌కిట్ ఇంజిన్ ఇంకా పాతది. ఇప్పటి జావాస్క్రిప్ట్‌లో మామూలైన యారో ఫంక్షన్ అంటే దానికి తెలీదు, ప్రామిస్ అన్నది అసలే లేదు. మీ ఫ్రంటెండ్ వాళ్లు కొత్త వెర్షన్‌లో పాత బ్రౌజర్ల కోసం కోడ్ మార్చి ఇచ్చే ఏర్పాటు తీసేసి ఉంటారు, అడిగి చూడు. ఫైల్‌లో ఒక్కచోట అర్థంకాని రాత కనిపించినా ఆ ఇంజిన్ ఫైల్ మొత్తాన్ని పక్కన పడేస్తుంది. ఇక మిగిలేది టైటిలూ, ఒక ఖాళీ డివ్వూ (పేజీలో ఉట్టి గడి). స్క్రిప్ట్ టైటిల్ చూసి గంగిరెద్దులా తలూపుతుంది. తల లేని (హెడ్‌లెస్) బ్రౌజర్ చేత తలూపించుకోవడం మన వృత్తిలోనే సాధ్యం.

నవ్వుతున్నాను కానీ ఈ దెబ్బ నేనూ తిన్నాను. చాలా ఏళ్ల కింద ఒక క్లయింట్‌కి ఇలాంటి రాత్రి స్క్రిప్టే రాసిచ్చాను. మూడు నెలలు రిపోర్ట్ పచ్చగా ఉంది. ఆ మూడు నెలలూ లాగిన్ ఫెయిలవుతూనే ఉంది. పాస్‌వర్డ్ మార్చారు, నాకు చెప్పలేదు. సైట్ నా స్క్రిప్ట్‌ని మళ్లీ లాగిన్ పేజీకే తిప్పి పంపేది. ఆ పేజీ టైటిల్‌లోనూ కంపెనీ పేరే ఉంది మరి. చివరికి వాళ్ల అకౌంటెంట్ ఫోన్ చేసి "సార్, మీ కంప్యూటర్ రాత్రంతా ఏం చదువుతోంది?" అని అడిగాడు. తప్పు టూల్‌ది కాదు, నాది. అందుకే చెప్తున్నాను, నువ్వు ఏ టూల్‌కి మారినా సరే, ఆ టైటిల్ చెక్‌ని అలాగే మోసుకెళ్తే తెల్లకాగితాలకి మళ్లీ పాస్ మార్కులు పడతాయి. బిల్లు నంబరు కనిపించిందా, మొత్తం రూపాయలు సున్నా కాకుండా ఉన్నాయా, షాపు పేరు ఆ ఖాతాదేనా అన్నవి చూడాలి.

ఇక ఫాంటమ్. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ల కోసం చెప్పాలంటే, హెడ్‌లెస్ బ్రౌజర్ అంటే తెర మీద కిటికీ తెరవకుండా పేజీని లోలోపలే పూర్తిగా తయారుచేసే బ్రౌజర్. క్లిక్ చేస్తుంది, టైప్ చేస్తుంది, ఫొటో తీస్తుంది, మానిటర్ మాత్రం అడగదు. సర్వర్‌కి మానిటర్ ఎక్కడుంది గనక? 2011కి ముందు మేం ఎక్స్‌వీఎఫ్‌బీ అని ఒక ఉత్తుత్తి తెరని పెట్టి, దాని మీద ఫైర్‌ఫాక్స్ తెరిచేవాళ్లం. సగం రాత్రులు ఆ తెర పడిపోయేది. 2011 జనవరిలో అరియా హిదాయత్ ఫాంటమ్‌జేఎస్ విడుదల చేశాక ఒక్క ఫైల్ కాపీ చేసుకుంటే చాలు, పనైపోయేది. ఆ సుఖం అనుభవించినవాళ్లకే తెలుసు. మీ సీనియర్ 2016లో దాన్ని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు, అప్పుడు నేనైనా అదే పెట్టేవాణ్ణి. ఆయన్ని తిట్టుకోకు.

మరుసటి ఏడాదే కథ మారిపోయింది. క్రోమ్ తనంతట తానే హెడ్‌లెస్‌గా నడవబోతోందని తెలియగానే, 2017 ఏప్రిల్‌లో ఫాంటమ్ బాగోగులు చూస్తున్న విటాలీ స్లోబోదిన్ తప్పుకున్నాడు. క్రోమ్ వేగంగా, నిలకడగా ఉంది, మెమరీ అంతగా తినదు, జనం ఎలాగూ అటే పోతారు అని దాపరికం లేకుండా రాశాడు. తన చేతిలోని సరుకు గురించి అంత నిజాయితీగా చెప్పినవాళ్లని నేను తక్కువ చూశాను. ఆ జూన్‌లో క్రోమ్ 59 వచ్చింది, మాక్‌లో, లినక్స్‌లో హెడ్‌లెస్ మోడ్‌తో. విండోస్‌కి 60లో అందింది. ఫైర్‌ఫాక్స్ కూడా అదే ఏడాది అందుకుంది. 2018 మార్చిలో హిదాయత్ ఫాంటమ్ పని ఆపేసి ప్రాజెక్ట్‌ని ఆర్కైవ్ చేశాడు. సెలీనియం 4లో ఫాంటమ్‌కి మద్దతే లేదు. అసలు ఫాంటమ్ అంటేనే దెయ్యం. చచ్చిన దెయ్యాన్ని బతికించమంటున్నాడు మీ మేనేజర్.

నువ్వు వాడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చిట్కా ఏం చేస్తుందో కూడా తెలుసుకో. కొత్త ఉబుంటులోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సెట్టింగుల ఫైల్‌ని ఫాంటమ్‌లో ఉన్న పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చదవలేక పడిపోతుంది. నువ్వు ఆ ఫైల్ బదులు శూన్యాన్ని చూపించావు, అది నోరు మూసుకుంది. అంతే, రోగం అలాగే ఉంది. 2019లో ఫాంటమ్‌లో ఒక లోపం బయటపడింది: అది తెరిచిన పేజీలో కావాలని ఇరికించిన కోడ్ ఉంటే, ఆ కోడ్ సర్వర్‌లోని ఫైళ్లని చదివేయగలదు. ప్రాజెక్టే ఆగిపోయింది కాబట్టి దానికి మందు రాలేదు. 140 షాపుల పాస్‌వర్డ్‌లు ఉన్న సర్వర్ మీద దీన్ని రోజూ రాత్రి నడుపుతున్నారు. మేనేజర్‌కి మిగతా టెక్నికల్ గొడవంతా వదిలేసి ఈ ఒక్క ముక్క చెప్పు. "ఇది పనిచేయట్లేదు" అంటే వారం ఇస్తారు, "కస్టమర్ల పాస్‌వర్డ్‌లు రిస్క్‌లో ఉన్నాయి" అంటే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటారు.

ఎటు మారాలి అన్నదానికి వద్దాం. పప్పెటీర్ మంచిదే, 2017లో గూగుల్ క్రోమ్ టీమ్ తెచ్చింది, కానీ అది జావాస్క్రిప్ట్ వాళ్లది. పైథాన్‌లో దానికి అనధికారికంగా ఒక నకలు ఉంది, దాని ఆలనాపాలనా ఆగిపోయింది. ఒక ఆగిపోయిన టూల్ నుంచి ఇంకో ఆగిపోయిన టూల్‌కి దూకడం నీకెందుకు? ప్లేరైట్‌ని 2020లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది, పప్పెటీర్ కట్టినవాళ్లే అక్కడికి వెళ్లి మొదలుపెట్టారు. పైథాన్‌లో అధికారికంగా ఉంది, బటన్ సిద్ధమయ్యేదాకా తనే ఆగుతుంది, ఎక్కడ తప్పిందో అడుగడుగూ చూపిస్తుంది. కొత్త ప్రాజెక్ట్ అయితే నేను కళ్లు మూసుకుని ప్లేరైట్ అంటాను.

నీది కొత్త ప్రాజెక్ట్ కాదు, చేతిలో ఉన్నది ఏడు రోజులు. కాబట్టి సెలీనియంలోనే ఉండు. వెర్షన్ 4కి, పైథాన్ 3కి మారి, ఫాంటమ్ బదులు హెడ్‌లెస్ క్రోమ్ పెట్టు. నీ స్క్రిప్ట్‌లో లాగిన్ ఎక్కడ, ఏ బటన్ తర్వాత ఏ బటన్ అన్న తెలివంతా అలాగే పనికొస్తుంది. మారేవి అంచులే. పాత ఫైండ్ ఎలిమెంట్ బై ఐడీ తరహా పిలుపులు 4.3 నుంచి తీసేశారు, అవన్నీ కొత్త పద్ధతిలో రాయాలి. ఎడిటర్‌లో వెతికి మారిస్తే ఒక పూట పని. క్రోమ్‌కి సరిపోయే డ్రైవర్ (సెలీనియం మాటని క్రోమ్‌కి అందించే ప్రోగ్రామ్) ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కునే బాధ 4.6 నుంచి లేదు, సెలీనియం మేనేజర్ తనే తెచ్చుకుంటుంది. హెడ్‌లెస్ ఆప్షన్ ఇచ్చేటప్పుడు ఇంటర్నెట్‌లో పాత జవాబులు చూసి మోసపోకు. 2017 నాటి హెడ్‌లెస్ మోడ్ నిజానికి క్రోమ్ పక్కన కట్టిన వేరే వసారా లాంటిది, చాలా విషయాల్లో అసలు క్రోమ్‌లా ఉండేది కాదు. 2023లో క్రోమ్ 112తో కొత్త మోడ్ వచ్చింది, అది అసలు క్రోమే, కిటికీ మాత్రం చూపించదు. 2025లో వచ్చిన 132 నుంచి పాత మోడ్‌ని క్రోమ్‌లోంచి తీసేశారు, హెడ్‌లెస్ షెల్ అనే విడి ప్రోగ్రామ్‌గా మాత్రమే దొరుకుతుంది. చూశావా, ఫాంటమ్‌ని ఇంటికి పంపిన మోడ్‌కే రిటైర్మెంట్ వచ్చేసింది.

నిజంగా నిన్ను ఏడిపించేవి ఇవి కావు, చిన్నచిన్న అలవాట్లు. ఫాంటమ్ తెర సైజు చెప్పకపోతే 400 బై 300 అనుకుంటుంది. మీ సైట్ ఆ సైజులో మొబైల్ మెనూ చూపించి ఉంటుంది, మీ సీనియర్ ఆ మూడు గీతల బటన్ నొక్కేలా రాసి ఉంటాడు. క్రోమ్‌లో పెద్ద తెర పెడితే ఆ బటనే ఉండదు. సైజు నువ్వే చెప్పు, ఒక్కచోటే చెప్పు.

అలర్ట్ బాక్సుల సంగతి ఇంకా గమ్మత్తు. ఫాంటమ్‌తో సెలీనియం నడిపినప్పుడు అలర్ట్‌లకి మద్దతే లేదు, అవి వచ్చినట్టే తెలిసేది కాదు. మీ సైట్ ఏళ్ల తరబడి "స్టాక్ తక్కువగా ఉంది, ముందుకెళ్లాలా?" అని అడుగుతూ ఉండి ఉండొచ్చు, ఎవరూ విని ఉండరు. క్రోమ్ అలా మింగదు, జవాబు చెప్పకుండా ముందుకెళ్తే స్క్రిప్ట్‌కి ఎర్రర్ ఇస్తుంది. అలాంటిది తగిలితే వెంటనే "ఓకే" కొట్టేయమని రాయకు. ముందు ఆ అలర్ట్‌లో ఏముందో చదివి, బిల్లింగ్ తెలిసినవాళ్లని అడుగు.

పీడీఎఫ్ దగ్గర మూడు గుంటలు ఉన్నాయి. క్రోమ్ నువ్వేం చెప్పకపోతే అమెరికా లెటర్ సైజు కాగితం వాడుతుంది, 21.59 బై 27.94 సెంటీమీటర్లు. మనది ఏ4, 21 బై 29.7. సైజు చెప్పకపోతే కొన్ని బిల్లుల చివరి వరుస రెండో పేజీకి జారుతుంది, షాపువాళ్లు మొత్తం కనపడట్లేదని ఫోన్ చేస్తారు. రెండోది, బ్యాక్‌గ్రౌండ్ రంగుల్ని అది మామూలుగా ప్రింట్ చేయదు, అడిగితేనే చేస్తుంది. మీ బిల్లు హెడింగ్ నీలం పట్టీ మీద తెల్ల అక్షరాలైతే, పట్టీ పోయి తెలుపు మీద తెలుపు మిగలొచ్చు. మళ్లీ తెల్లకాగితమా అని గుండె ఆగిపోకుండా ముందే చెప్తున్నాను.

మూడోది మన తెలుగుది. కొత్త ఉబుంటు సర్వర్‌లో తెలుగు ఫాంట్ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకు. లేకపోతే లక్ష్మీ ట్రేడర్స్ ఉట్టి డబ్బాలుగా వస్తుంది. లోహిత్ తెలుగో, నోటో సాన్స్ తెలుగో ఇన్‌స్టాల్ చేయి, రెండూ ఉబుంటు ప్యాకేజీల్లోనే ఉన్నాయి. ఆ తర్వాత పీడీఎఫ్‌ని కళ్లతో చూడు. ప్రోగ్రామ్‌తో అక్షరాలు బయటికి లాగి పోల్చి, సరిపోయాయి అనుకోకు. ఫాంట్ లేకపోయినా లోపల అక్షరాలు సరిగ్గానే ఉండి, కాగితం మీద మాత్రం డబ్బాలు ఉండొచ్చు. క్ష్మి, స్త్రీ, ర్థ లాంటివి ఉన్న పేర్లు ఓ పది ఏరుకుని, ఒత్తులు ఎక్కడ కూర్చున్నాయో చూడు. బియ్యం బస్తా మీద పేరు తప్పు పడితే సర్దుకుంటారేమో గానీ, బిల్లు మీద సొంత షాపు పేరు విరిగితే ఎవరూ ఊరుకోరు.

ఎవరైనా మధ్యలో "పీడీఎఫ్ కోసమే అయితే డబ్ల్యూకేహెచ్‌టీఎంఎల్‌టుపీడీఎఫ్ పెట్టు, తేలిక" అంటారు. అదీ ఫాంటమ్ వంశమే, అదే పాత క్యూటీ వెబ్‌కిట్. 2023లో దాన్నీ ఆర్కైవ్ చేశారు.

మెమరీ గురించి తొందరగా చెప్పేస్తాను. 140 క్రోమ్‌లు ఒకేసారి తెరవకు, మూడో నాలుగో చాలు. పని అయ్యాక క్లోజ్ కాదు, క్విట్ వాడు, ఎర్రర్ వచ్చినా క్విట్ జరిగేలా రాయి. లేకపోతే తెల్లారేసరికి సర్వర్‌లో అనాథ క్రోమ్‌లు గుంపు కట్టి ఉంటాయి. డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని విడి పెట్టెలో నడిపే ఏర్పాటు) నడుపుతుంటే షేర్డ్ మెమరీ మామూలుగా 64 ఎంబీయే ఇస్తారు, క్రోమ్‌కి అది చాలదు, పేజీ మధ్యలో కూలిపోతుంది. పెంచుకో. రాత్రికి రాత్రి క్రోమ్ తనంతట తాను అప్‌డేట్ అయ్యి నీ స్క్రిప్ట్‌ని పడగొట్టకుండా ఉండాలంటే క్రోమ్ ఫర్ టెస్టింగ్ వాడు, అది చెప్పకుండా మారదు. ఐదు సెకన్లు నిద్రపో, పది సెకన్లు నిద్రపో అని స్క్రిప్ట్ నిండా ఉంటే, ఈ వారం అన్నిటినీ పీకడానికి కూర్చోకు. బిల్లు పేజీ దగ్గర మాత్రం "బిల్లు నంబరు కనిపించేదాకా ఆగు" అని మార్చు, మిగతావి తర్వాత.

సప్లయర్ వెబ్‌సైట్ గురించి అడిగావు. బ్రౌజర్‌ని ప్రోగ్రామ్‌తో నడిపే పద్ధతికి ఉన్న వెబ్‌డ్రైవర్ ప్రమాణం ప్రకారం, ప్రోగ్రామ్ నడుపుతున్న బ్రౌజర్ తను ఆటోమేషన్‌లో ఉన్నానని పేజీకి చెప్పాలి. అది దాచే చిట్కాలు నెట్‌లో బోలెడు. నేను చెప్పను, నువ్వూ వెతకకు. అది వాళ్ల ఇల్లు, రోబోలు వద్దని బోర్డు పెట్టుకున్నారు. పైగా ఆ చిట్కాలు నెలకోసారి పాడవుతాయి, ఆ సేవంతా నీ నెత్తినే పడుతుంది. మీ సార్ ఆ సప్లయర్ దగ్గర సరుకు కొంటున్నాడు కదా, ఒక ఫోన్ చేసి "రేట్లు రోజూ ఎక్సెల్‌లో మెయిల్ పెట్టండి, లేదా మా ప్రోగ్రామ్ నేరుగా తీసుకునేలా ఏపీఐ ఇవ్వండి" అని అడగమను. కొనేవాడు అడిగితే చాలామంది పంపుతారు. అప్పటిదాకా ఆ ముక్కని స్క్రిప్ట్ నుంచి విడదీసి పక్కన పెట్టు, బిల్లులు దాని వల్ల ఆగకూడదు.

సెలీనియం పని అయిపోయిందా? 2004లో షికాగోలో థాట్‌వర్క్స్‌లో జేసన్ హగ్గిన్స్ మొదలుపెట్టింది అది. "అయిపోయింది" అన్న మాట నేను కనీసం నాలుగుసార్లు విన్నాను. దాని వెబ్‌డ్రైవర్ పద్ధతిని వెబ్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ డబ్ల్యూ3సీ 2018లో ప్రమాణంగా ఆమోదించింది, బ్రౌజర్లు తయారుచేసేవాళ్లే దాన్ని తమ బ్రౌజర్లలో కట్టి ఇస్తున్నారు. ఫాంటమ్ ఒకరిద్దరి సాయంత్రాల మీద బతికింది, వాళ్లు అలిసిపోగానే పోయింది. ఈ రెండిటికీ తేడా అదే. టూల్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది కూడా అదే, దాన్ని ఎవరు మోస్తున్నారని. కోర్సు ఫీజు వృథా కాలేదు. అక్కడ నువ్వు పేజీలో ఒక గడిని ఎలా పట్టుకోవాలో, దేని కోసం ఆగాలో, కుకీ అంటే ఏంటో నేర్చుకున్నావు. అవి వచ్చినవాడికి ప్లేరైట్ రెండు శనివారాల పని. ఈ గండం గడిచాక ఒక కొత్త టెస్ట్‌ని దాంతో రాసి చూడు, బయోడేటాలో రెండూ ఉంటాయి.

మేనేజర్ దగ్గరికి ఉట్టి మాటలతో వెళ్లకు. రేపు ఒక్క షాపు ఖాతా తీసుకో. సెలీనియం 4, హెడ్‌లెస్ క్రోమ్, ఏ4, తెలుగు ఫాంట్. ఒక్క బిల్లు పీడీఎఫ్ తీసి ప్రింట్ కొట్టు. పక్కన నిన్నటి ఫాంటమ్ ఇచ్చిన తెల్లకాగితం, "పాస్" అన్న లాగ్‌తో సహా. రెండూ టేబుల్ మీద పెట్టి, మిగతా 139 ఖాతాలకి ఇన్ని రోజులు కావాలి అని చెప్పు. పది రోజులు అడుగు, వారంలో అయితే మంచిదే. సైట్ మారిపోయింది కాబట్టి పాత స్క్రిప్ట్‌నీ కొత్త స్క్రిప్ట్‌నీ పక్కపక్కన నడిపి పోల్చే అవకాశం నీకు లేదు. పోల్చుకోవడానికి మిగిలింది సర్వర్ మార్చకముందు ఫాంటమ్ సరిగ్గా తీసిన పీడీఎఫ్‌లు మాత్రమే. ఆ తేదీల బిల్లుల్ని కొత్త స్క్రిప్ట్‌తో మళ్లీ తీసి, నంబర్లూ మొత్తాలూ సరిపోతున్నాయో చూస్తావు. పాత సర్వర్‌ని తుడిచేసే తేదీ ఎప్పుడో ఈరోజే కనుక్కుని, అవన్నీ వేరేచోటికి కాపీ చేసుకో. ఆ పని అయ్యాక పడుకో.